రత్నమణి అడిగిన మాటలు

మా నాయన దావీదురాజు పెట్టెలో ఒక ఉత్తరాల కట్ట ఉండేది. పాత పంచె ముక్కలో చుట్టి అడుగున పెట్టేవాడు. మా అమ్మ వరమ్మ పెట్టె సర్దినప్పుడల్లా ఆ కట్టను బయటికి తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ అదే చోట పెట్టేది. విప్పేది కాదు. అందులో ఏముందని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ఇంగ్లీషు పాఠాలు," అంది మా అమ్మ.

అబద్ధం చెప్పలేదు. నేను పెద్దదాన్నయ్యాక ఆ ఉత్తరాలు రాసిన మనిషే, వాటికి తనకొచ్చిన జవాబులతో సహా, స్వయంగా నా చేతికిచ్చి చదువుకోమంది. అన్నీ పాఠాలే. ఈ మాటకూ ఆ మాటకూ తేడా ఏమిటని ఆమె అడగడం, మా నాయన జవాబు రాయడం. ఆమె పేరు రత్నమణి. ఆమె నోటి నుంచి, మా నాయన నోటి నుంచి విన్నదీ, నేను కళ్ళారా చూసిందీ కలిపి ఇది రాస్తున్నాను.

మైదుకూరుకు నాలుగు మైళ్ళలో తెల్లరాళ్ళపల్లె అని ఒక ఊరు. ఊరికి తూర్పున క్రైస్తవుల పేట, పేటలో పెంకులు కప్పిన చిన్న గుడి, గుడి వసారాలో బడి. మిషను బోర్డింగులో అయిదో తరగతి దాకా చదువుకొని వచ్చిన రత్నమణి ఆ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది. భర్త లేవి బావులు తవ్వేవాడు. పదిహేడేళ్ళకు ఆయన చేయి పట్టుకొని ఆ ఊరికి వచ్చింది. లేవి బావిలో దిగి గడ్డపార వేస్తూ పాడేవాడట. మట్టి లాగే కూలీలకు ఆయన ముఖం కనిపించేది కాదు, గొంతు మాత్రం గుండ్రంగా పైకి వచ్చేది. గాలి ఇటు తిరిగితే బడిలో ఆమెకు కూడా వినిపించేది. పిల్లల చేత పలకల మీద రాయిస్తూ అటు చెవి పెట్టేదాన్నని ఆమె నాతో చెప్పింది.

పెళ్ళయిన మూడేళ్ళకు, అంటే పందొమ్మిది వందల పదిహేడులో, మైదుకూరు సంతకు యుద్ధం పనికి మనుషుల్ని చేర్చుకునేవాళ్ళు వచ్చారు. తుపాకి పట్టే పని కాదనీ, సముద్రం అవతల బస్రా దేశంలో రోడ్లు వేయడం, కాలువలు తవ్వడమే పని అనీ చెప్పారు. అప్పటికి రెండేళ్ళుగా వానలు లేవు. బావి తవ్వించుకునే శక్తి ఉన్న రైతు చుట్టుపక్కల ఒక్కడూ మిగల్లేదు. లేవి పేరు రాయించుకొని ఇంటికి వచ్చాడు.

"ఒక్క యేడే గదా. వానలు పడే పొద్దుకు వచ్చేస్తా," అన్నాడు.

"వానలు పడకపోతే?"

"అప్పుడు ఇంకా బిరీన వస్తా. నువ్వొక్కదానివే ఎండలో ఉంటావని."

బస్రా నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ ఎవరి చేతనో తెలుగులో రాయించినవి. రెండో దానిలో, ఇక్కడ నీళ్ళు చాలా ఉన్నాయి, తాగేందుకు మాత్రం లేవు, మన ఊరి ఉప్పుబావే నయం అని ఉంది. ఆ తర్వాత ఏడు నెలలు ఏమీ రాలేదు. పద్దెనిమిదో సంవత్సరం వేసవిలో ఇంగ్లీషులో అచ్చు వేసిన ఒక కాగితం వచ్చింది. అచ్చు అక్షరాల నడుమ ఖాళీల్లో ఎవరో చేత్తో నింపారు.

రత్నమణి, ఆమె అత్త జీవమ్మ ఆ కాగితం తీసుకొని మైదుకూరుకు నడిచారు. అక్కడ అర్జీలు రాసే ఆయన దాన్ని ఒకటికి రెండుసార్లు చూసి, తల పైకెత్తకుండానే చెప్పాడు. "పోయినాడమ్మా."

మన భాషలో ఆ ఒక్క మాటకు ఎన్ని అర్థాలో! ఊరికి వెళ్ళినవాడూ పోయినాడే, దారి తప్పినవాడూ పోయినాడే, చచ్చినవాడూ పోయినాడే. ఆయన ఏ అర్థంలో అన్నాడో వాళ్ళు అడగలేదు. జీవమ్మ ఆ దుమ్ములోనే కూలబడిపోయింది. ఆదివారం నాడు గుడిలో లేవి ఆత్మ కోసం ప్రార్థన చేశారు. రత్నమణి గాజులు తీసేసింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి.

మరుసటి ఏడు మా నాయన ఆ బడికి పెద్దయ్యవారుగా వెళ్ళాడు. కడపలో మెట్రిక్యులేషన్ దాకా చదివి, ఇరవై అయిదేళ్ళ వయసులో మొదటిసారి పల్లెకు వచ్చాడు. బడి రిజిస్టరు కోసం ఉపాధ్యాయుల వివరాలు రాసుకుంటూ, మీ ఆయన ఎప్పుడు చనిపోయాడమ్మా అని రత్నమణిని అడిగాడు. తేదీ తనకు తెలియదని చెప్పి, ఆమె బైబిలులో దాచుకున్న కాగితం తెచ్చి ఇచ్చింది. మా నాయన చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇందులో చనిపోయినాడని లేదమ్మా," అన్నాడు.

"మరేముండాది అయ్యవారూ?"

"మిస్సింగ్ అని ఉండాది. మనిషి కనబడలేదని. ఉండాల్సిన చోట లేడు, యాడున్నాడో తెల్దు. అంతే."

ఆమె వసారా గోడకు ఆనుకొని చాలాసేపు నిలబడిందట. పిల్లలు గోల చేస్తున్నా కసరలేదు. పొద్దుగుంకే వేళకు ఇంటికి పోయి జీవమ్మకు చెప్పింది. తెల్లవారి ముసలామె కోడల్ని మైదుకూరుకు తీసుకుపోయి గాజుల జమీలాబీ ముందు కూర్చోబెట్టింది. ఏడాది కిందట గాజులు తీసేసిన ఆడమనిషి చేయి ముందుకు చాపితే జమీలాబీ ఏ ప్రశ్నా వేయలేదు. పచ్చవి డజను వేసి, చివరి జత వేస్తూ కళ్ళు తుడుచుకుంది.

పేటలో కొందరు నవ్వారు. రత్నమణి వాళ్ళ ముందు నుంచే బడికి నడిచిపోయి మా నాయనతో ఇలా అంది: "నాకు ఇంగ్లీషు నేర్పించండి అయ్యవారూ. ఆ కాగితం నేనే చదువుకోవల్ల. ఇంకొకరు చదివితే వాళ్ళ మనసు దాంట్లో కలుస్తుంది."

బడి వదిలాక వసారాలో గంటసేపు పాఠం. జీవమ్మ పక్కనే కూర్చొని వేరుశనక్కాయలు ఒలిచేది. మా నాయన పాఠం మొదట్లో అందరికీ చెప్పినట్టే పిల్లి, ఎలుక, బల్ల అని మొదలుపెట్టాడు. రత్నమణికి వాటి మీద ఓపిక లేదు. ఆమెకు కావలసినవి వేరే మాటలు. "కనబడలేదు అనేదానికి లాస్ట్ అని గూడా అంటారంట గదా. మరి వాళ్ళు మిస్సింగ్ అనే ఎందుకు రాసినారు?" అని రెండో వారమే అడిగింది.

మా నాయనకు అంతవరకు ఆ తేడా ఎప్పుడూ తట్టలేదు. ఆ రోజు జవాబు చెప్పలేక మర్నాడు చెప్పాడు. లాస్ట్ అంటే పోగొట్టుకున్నాం అని తీర్మానం చేసుకున్నట్టు. మిస్సింగ్ అంటే ఇంకా లెక్క తెగలేదు, వెతుకుతూనే ఉన్నాం అని. ఆమె తల ఊపి, పలక మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి, మొదటిది చెరిపేసింది.

ఇరవయ్యో సంవత్సరం జనవరిలో రెండో కాగితం వచ్చింది. ఈసారి ఆమె ఎవరి దగ్గరికీ పోలేదు. మా నాయన బడికి వచ్చేసరికి ఆ కాగితం చదువుతూ వసారాలో కూర్చొని ఉంది. డెడ్ అనే మాట ఆమెకు తెలుసు. దాని ముందున్న ప్రెజ్యూమ్డ్ అనే మాట తెలియదు. తెలియకపోయినా ఆ మాట వేలితో చూపించి అడగలేదు. కాగితం మడిచి, ప్రార్థన గంట కొట్టడానికి లేచింది.

వారం లోపల సంగతి పేటంతా తెలిసిపోయింది. గుడి పెద్ద జ్ఞానరాజు అయ్యగారు మా నాయనను పిలిపించాడు. సర్కారే చనిపోయాడని రాసిందనీ, ఆ పిల్ల వయసు ఇరవై మూడనీ, నీకూ పెళ్ళి కాలేదనీ, దేవుడు ఇద్దర్నీ ఒకే వసారాలో కూర్చోబెట్టాడనీ అన్నాడు. అంతకంటే పెద్దమాట జీవమ్మది. ఆమె సాయంత్రం మా నాయన గదికి వచ్చి గడప బయటే నిలబడింది.

"నా కోడల్ని చేసుకోప్పా," అంది. "నా కొడుకు ఇంక రాడని నా కడుపుకు తెల్సు. అది మాత్రం కాగితాలు చూసుకుంటా ముసిల్దయిపోతాది. నువ్వు చెప్పినావంటే వింటాది. ఆ మాటకు చచ్చిపోయినాడనే అర్థమని చెప్పు, చాలు."

మా నాయన ఆ రోజు పొలాల వెంబడి రెండు మైళ్ళు నడిచాడు. ఆమె అంటే ఆయనకు అప్పటికే ప్రాణం. ఎప్పటి నుంచని అడిగితే, పలక మీద లాస్ట్ అనే మాట చెరిపేసిన రోజు నుంచి అని నాతో చెప్పాడు. ఒక్క మాట కొంచెం వంచితే చాలు, అది కూడా వాళ్ళ అత్తే వంచమంటోంది. ఎండిన జొన్నచేలలో నడుస్తూ ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాడట.

మరునాడు పాఠంలో రత్నమణి కాగితం ముందు పెట్టింది.

"అందరూ ఒకటి చెప్తాండారు. మీరేం చెప్తారో వినల్లని కూర్చున్నా. ఈ ప్రెజ్యూమ్డ్ అంటే ఏమి?"

మా నాయన గొంతు సవరించుకున్నాడు. "చనిపోయినాడని అనుకునేదానికి కారణం ఉండాది. గానీ కళ్ళతో చూసినోళ్ళు లేరు. అందుకని అట్ల అనుకుంటాండారు. ఇంకో సంగతి తెలిసేవరకే ఆ మాట నిలబడుతుంది."

"తెలిస్తే?"

"తెలిస్తే ఆ మాట పోతుంది."

"అస్యూమ్ అని ఇంకోటి నేర్పిస్తిరే. అదీ అనుకోవడమే గదా?"

"అది ఏ ఆధారమూ లేకుండా అనుకునేది."

ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది. "అయితే దొరలు ప్రెజ్యూమ్ చేసినారు. మన గుడి పెద్దలు అస్యూమ్ చేస్తాండారు," అంది.

ఇద్దరూ నవ్వారు. పక్కన జీవమ్మ కాయలు ఒలవడం ఆపి మా నాయన ముఖంలోకి చూసింది. లేచి గుడి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వేసవిలోనే మా నాయన కడపకు మార్చమని మిషనుకు అర్జీ పెట్టుకున్నాడు. ఎందుకు వెళుతున్నారని రత్నమణి అడగలేదు. ఆయన బండి ఎక్కేటప్పుడు మాత్రం, "తెలియని మాట వస్తే ఎవర్నడగల్ల?" అంది.

"కార్డు రాయండి," అన్నాడు మా నాయన.

ఆమె రాసింది. నెలకు ఒకటి, ఒక్కొక్కసారి రెండు. ముందు తెలుగులో, తర్వాత సగం సగం, మూడో ఏటికి పూర్తిగా ఇంగ్లీషులో. ప్రతి ఉత్తరంలో రెండు మాటలు. చూడటానికి ఒకేలా ఉండి కొంచెం తేడా ఉన్నవి. వెయిట్ అన్నా ఎక్స్‌పెక్ట్ అన్నా ఎదురుచూడటమే కదా అని అడిగింది ఒకసారి. వెయిట్ అనేది శరీరం చేసే పని, కూర్చొని ఉండటం. ఎక్స్‌పెక్ట్ అనేది మనసు చేసేది, వస్తారని నమ్మడం. ఒకటి ఉండి ఒకటి లేకపోవచ్చు అని రాశాడు మా నాయన. అలోన్ అంటే పక్కన మనిషి లేకపోవడం, లోన్లీ అంటే లేడని తెలుస్తూ ఉండటం అని ఇంకో దాంట్లో రాశాడు. ప్రతి ఉత్తరం చివర ఆమె ఒకే వాక్యం రాసేది. ఐ హోప్ హి విల్ కమ్ బ్యాక్. ఆయన తిరిగి వస్తాడని ఆశపడుతున్నాను.

మా నాయన ఆమెకు రాసిన ఉత్తరాల్లో ఒకటి నేను చాలాసార్లు చదివాను. మిస్ అనే మాటకు ఇంకో అర్థం ఉందని మీకు చెప్పడం మరిచాను, అని మొదలవుతుంది. కనబడకుండా పోయినవాడు మిస్సింగ్. అతను లేడని లోపల వెలితి పడేవాడి పని కూడా మిస్ చేయడమే. పోయినవాడికీ ఉన్నవాడికీ ఒకే మాట ఇచ్చారు, అన్నాడు. ఉదాహరణకు ఒక వాక్యం రాశాడు. తెల్లరాళ్ళపల్లె బడి వసారా నాకు వెలితిగా ఉంది, అని. వసారా అనే రాశాడు. ఆమె జవాబులో, ఉదాహరణ అర్థమయింది అని మాత్రం ఉంది.

ఇరవై అయిదులో మా నాయనమ్మ పట్టుబట్టి మా నాయనకు పెళ్ళి చేసింది. ఆ సంగతి ఆయనే రాశాడు. రత్నమణి రాసిన జవాబు రెండు వరుసలు. మీరూ వరమ్మగారూ చల్లగా ఉండాలని. దాంట్లో ఏ మాటకూ అర్థం అడగలేదు. మొత్తం కట్టలో ఏ ప్రశ్నా లేని ఉత్తరం అదొక్కటే. నేను మరుసటి ఏడు పుట్టాను.

ఈ లోపల ఆమెకు పల్లెల్లో పేరు వచ్చింది. ఇంగ్లీషు కాగితం వస్తే మైదుకూరుకు పోకుండా తెల్లరాళ్ళపల్లె టీచరమ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. సోమక్క అనే ఆమె భర్త నాగన్నను పోలీసులు పట్టుకుపోయారు. శిక్ష పడిందని ఎవరో చెబితే ఏడుస్తూ కాగితం తెచ్చింది. రత్నమణి చదివి, "శిక్ష గాదక్కా. రిమాండు అని ఉండాది. విచారణ అయ్యేదాకా ఉంచుకుంటారు. నువ్వింకా ఏడ్వాకు. పోయి వకీలును చూడు," అని చెప్పింది. నాగన్న నెలకే ఇంటికొచ్చాడు. తనకు ఒకనాడు జరిగింది ఇంకొకరికి జరగనివ్వకూడదని ఆమె పట్టుదల. తెలియని మాట ఉంటే ఊహించి చెప్పేది కాదు. రేపు రమ్మనేది.

జీవమ్మ ముప్పయ్యో సంవత్సరంలో కన్నుమూసింది. ఆ మరుసటి ఏడు, ఎండాకాలంలో, మాబు సాహెబ్ అనే మనిషి బడి దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డు ఊరు ఆయనది. పసుపు కొనడానికి మైదుకూరుకు వచ్చి, ఈ ఊరెక్కడుందో కనుక్కొని నడిచి వచ్చాడు.

"ఈడ లేవి అని ఒకాయన ఉండె. బావులు తవ్వేటాయన. ఆయన వాళ్ళెవరన్నా ఉండారా?"

"నేనే. ఆయన భార్యను," అంది రత్నమణి.

మాబు సాహెబ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "యుద్ధం అయినాక నేను బస్రా రేవులోనే పనికి నిలిచిపోయినా తల్లీ. పన్నెండేండ్లకు ఇల్లు చేరినా. నాకు చదువు రాదు. మీ ఊరి పేరు సగమే గుర్తుండె, తెల్ల అని. ఎన్ని తెల్లలు తిరిగినానో!"

"ఆయన యాడుండాడు?"

"కాలువ తవ్వకం ముగించి ఇంకో మకాముకు నడిపిస్తాండ్రి. దావలో జ్వరం తగిలె. అందరూ ముందుకు పోయిరి. ఇద్దరం వెనకబడితిమి. మూడు దినాలు నా తొడ మీద తల పెట్టుకొని ఉండె. నాలుగో దినం పొద్దున పోయె. కాలువ గట్టున నేనే గుంత తవ్వినా. మీ దేవుని ప్రార్థన నాకు రాదు. మాదే చదివినా. తప్పుంటే మాఫ్ చెయ్యి." టోపీ మళ్ళీ తలకు పెట్టుకుంటూ అన్నాడు. "శానా బాగా పాడుతాండె, గుంతలో దిగితే."

అక్కడిదాకా ఏదో ఒక సందేహం పట్టుకొని ఉన్న మనిషి ఆ చివరి మాటతో ఒప్పుకుంది. ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. అన్నం తినే దాకా పోనివ్వలేదు. ఆయన నడిచిపోతూ ఉంటే చివరి మలుపు దాకా వెంట వెళ్ళింది.

ఆ నెల ఆమె రాసిన ఉత్తరంలో వార్త ఏదీ లేదు. మామూలుగా రెండు మాటలు అడిగింది. చివరి వాక్యం మాత్రం మారింది. ఐ విష్ హి హ్యాడ్ కమ్ బ్యాక్. హోప్ అనే చోట విష్ అని ఉంది. హోప్ అంటే జరగవచ్చునని ఆశపడటం. విష్ అంటే ఇంక జరగదని తెలిసీ, జరిగి ఉంటే బాగుండునని కోరుకోవడం. ఈ తేడా ఎన్నడో ఆమెకు నేర్పింది మా నాయనే. చదివిన వెంటనే అంగీ తొడుక్కొని, "తెల్లరాళ్ళపల్లెకు పోయొస్తా," అని మా అమ్మతో అన్నాడు. ఎందుకని మా అమ్మ అడగలేదు. దారికి రెండు జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. నాకప్పుడు అయిదేళ్ళు. ఆ మూట నాకు గుర్తుంది.

మధ్యాహ్నం ఎండలో ఆయన బస్సు దిగి నడిచి వెళ్ళేసరికి ఆమె వసారాలో ఒక్కతే ఉందట. చేతులకు గాజులు లేవు. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ముందు ఆమే మాట్లాడింది.

"పదమూడేండ్లు నేను కూర్చున్నది చచ్చిపోయిన మనిషి కోసం అయ్యవారూ."

"నేనప్పుడు అబద్ధం చెప్పుండాల్సింది," అన్నాడు మా నాయన.

"చెప్పుంటే నేను ఇంగ్లీషు నేర్చుకున్నంక మిమ్మల్ని కొట్టుందును," అంది ఆమె. అని, అప్పుడు ఏడ్చింది. మా నాయన సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాడు.

ఉత్తరాలు ఆగలేదు. మా అమ్మకు తెలిసే వచ్చేవి, తెలిసే పోయేవి. నలభయ్యో సంవత్సరంలో మా అమ్మ కడుపునొప్పితో పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. చనిపోయే ముందు, నాయనను కనిపెట్టుకొని ఉండమని మాత్రం నాకు చెప్పింది. తర్వాత రెండేళ్ళకు మా నాయన చూపు మందగించింది. మొదట నల్లబోర్డు మీద అక్షరాలు, తర్వాత చేతిలో కాగితం. బడి మానుకున్నాడు. రత్నమణి ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. ఆయన చెప్పిన జవాబు నేనే రాసేదాన్ని. నాకు కోపంగానే ఉండేది. మా అమ్మ కుర్చీలో కూర్చొని ఇంకో ఆడమనిషికి ఉత్తరం రాయడం ఏ కూతురికి బాగుంటుంది?

నలభై నాలుగు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నాయన నన్ను కలం తీసుకోమన్నాడు.

"సంతోషమ్మా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మారిస్తే నాకు తెల్దు, కళ్ళు లేవు. గానీ మార్చాకు."

"చెప్పు నాయనా."

"మాటల తేడాలు ఇంక నాకు గుర్తుండడం లేదు. మీకు ఇష్టమైతే, పెండ్లి చేసుకొని ఈడికే వచ్చి ఉండండి. అంతే."

కలం పట్టుకొని కూర్చుండిపోయాను. నేను ఆ చివరి వాక్యం రాయకుండా కవరు అంటించినా ఆయనకు తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. ఆయన ముఖం వీధివైపు ఉంది, నా కలం చప్పుడు వింటున్నాడు. రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు.

జవాబు మూడు వారాలకు వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె మొదటిసారి మొత్తం తెలుగులో రాసింది. పెద్దగా చదవమన్నాడు నాయన. చదివాను.

"అయ్యవారికి రత్నమణి నమస్కారాలు. మాబు సాహెబ్ వచ్చి పోయినాక, ఇంక ఎదురుచూసే పని అయిపోయిందనుకుంటి. మర్నాడు పోస్టు వచ్చే పొద్దుకు నా కాళ్ళు వాటంతట అవే వాకిట్లోకి పోయె. ఆ మర్నాడూ అంతే. లేవి రాడని తెల్సు గదా, మరెవరి కోసం అని నన్ను నేనే అడుక్కొంటి. అప్పుడు తెలిసింది. మీకు ఇల్లాలుంది, బిడ్డ ఉంది. అందుకని ఆ మాట నేనెవరికీ చెప్పలేదు, మీకు గూడా. వరమ్మగారికి తెలిసే ఉంటుంది. తెలిసీ ఒక్క ఉత్తరం గూడా చింపలేదు. బిడ్డకు ఇష్టమైతేనే వస్తాను. ఈ జాబు చదివేది ఆ బిడ్డే అని నాకు తెల్సు. కాబట్టి అడుగుతాండా. సంతోషమ్మా, రావల్లనా, వద్దా?"

నాయన గుడ్డి కళ్ళు తడిగా ఉన్నాయి. కార్డు తీసుకొని నేనే రాశాను. రండి, అని.

ఏప్రిల్‌లో కడపలో పెళ్ళి జరిగింది. ఎనిమిది మంది వచ్చారు. యాభై ఏళ్ళ వరుడిని నేను చేయి పట్టుకొని నడిపించాను. నలభై ఏడేళ్ళ వధువు రేకుపెట్టెతో, రెండు నిఘంటువులతో వచ్చింది. మొదటి వారం పోస్టు వచ్చే వేళకు ఆమె లేచి వాకిట్లోకి పోయేది. "మా నాయన ఈడే ఉన్నాడు గదా," అని నేనంటే, "కాళ్ళకు తెల్దు పాపా," అని నవ్వి వెనక్కి వచ్చేది. ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరికీ పాతికేళ్ళ దూరం అలవాటైపోయింది. ఆయన ఏదైనా చెప్పాలనుకుంటే రెండు మూడుసార్లు గొంతు సవరించుకునేవాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకునే ముందు చుట్టూ చూసేది. పోయిన ఏళ్ళ గురించి ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. కానీ ఆయన నిద్రపోతుంటే పక్కన పీట వేసుకొని ముఖంలోకి అలా చూస్తూ కూర్చునేది. పాతికేళ్ళ వయసు ముఖం ఎక్కడైనా మిగిలిందేమో వెతుకుతున్నట్టు ఉండేది.

రోజూ పొద్దున పేపరు ఆమే చదివి వినిపించేది. నలభై ఏడు ఆగస్టులో ఒక రోజు పేపరు నిండా రెండే మాటలు. ఒక చోట ఫ్రీడమ్, ఇంకో చోట ఇండిపెండెన్స్. వీధిలో జెండాలు పట్టుకొని జనం పోతున్నారు. వీళ్ళిద్దరూ వాకిట్లో కూర్చొని ఆ రెండు మాటలు పట్టుకున్నారు.

"ఇండిపెండెన్స్ అంటే ఇంకొకరి మీద ఆనుకోకుండా నిలబడ్డం," అన్నాడు నాయన. "ఫ్రీడమ్ అంటే కట్లు లేకపోవడం. రెండూ ఒకటి గాదు."

"మొదటిది నాకు పాతదే," అంది ఆమె. "తెల్లరాళ్ళపల్లెలో ఇన్నేండ్లూ దాంతోనే ఉంటి. ఎవరి మీదా ఆనుకోలేదు."

"బాగుండెనా?"

"అన్నం బాగానే తింటాంటి."

నాయన ఆమె వైపు తల తిప్పాడు. "మరి రెండోది?"

"అది ఇంకా చెప్పలేను. ఈడికొచ్చి మూడేండ్లేగా అయింది," అంది ఆమె, పేపరు మడుస్తూ.

వీధి చివర మేళం మోగుతోంది. మీరూ వస్తారా అని అడిగాను. నాయనను నడిపించడం కష్టమని, నన్ను పోయి చూసి రమ్మన్నారు. నేను చెప్పులు వేసుకొని గడప దాటాను. వెనక ఆమె మళ్ళీ పేపరు విప్పిన చప్పుడు, నాయన ఏదో అడగడం, ఆమె కాదనడం వినిపించాయి. మేళం దగ్గరయ్యే కొద్దీ వాళ్ళ మాటలు వినిపించకుండా పోయాయి.